నల్ల తీగ

జుబైల్‌ల మా టూల్ స్టోర్ కిటికీ మూరెడు వెడల్పు.
పొద్దుగూకినంక అందులకెళ్లి చేతులొస్తయి,
మొఖాలు రావు.
షిఫ్టు దిగినోళ్ల చేతులు, తుప్పు మరకలవి,
ఒక్కొక్కటి ఒక హ్యాండ్ ల్యాంపును
మెడ పట్టిన కోడి లెక్క ఇటు తోసి పోతయి.

నేను ముందుగాల వైరు తడుముత.
కండ్లకంటె వేళ్లకే ఎక్కువ తెలుస్తది ఈ పనిల.
ఇనుప తలుపు కింద నలిగిన జాగ
దెబ్బ తిన్న జామపండు తీరుగ మెత్తగుంటది.
గ్లాండు వదులైతే తొడుగు ఎనుకకు జారి
లోపలి రంగులు తొంగి చూస్తయి.
టేపు చుట్టిన కాడ ఆగుత.
దాని కింద ఎవడో దాచిన తొందర ఉంటది.

ఒకదానికి జాలీ లేదు.
ఒకదానికి ఎర్త్ పిన్ను కోసేసిన్రు,
సాకెట్‌ల పడ్తలేదని.
"లైట్ వెలుగుతుంది గద భాయ్" అంటడు తిలక్ బహదూర్
నాతోటి నేర్చుకున్న నాలుగు ముక్కల తెలుగుల.
వెలుగుతది.
అదే దీంతోటి వచ్చిన చిక్కు.
తప్పు కలిపినా వెలుగుతది,
ఒప్పు కలిపినదాని పక్కన పెడితే
తేడా చెప్పెటోడు లేడు.

మెట్‌పల్లిల మా ఐటీఐ సారు బెత్తంతోటి నేర్పిండు:
ఎరుపు లైను, నలుపు న్యూట్రల్, పచ్చ భూమి.
నిద్రల లేపినా చెప్త.
ఇమానం దిగి ఆరు రోజులు గాకముందే
ఇక్కడ ఒక చుట్ట వైరు చేతిల వెట్టిన్రు.
నలుపు, తెలుపు, పచ్చ.
ఎరుపు ఏదని అడగలే.
అడిగితే కొత్తోడంటరు.
నలుపు నాకు తెలిసిన నలుపే అనుకున్న.
దాన్ని వెండి రంగు మరకు బిగించి
స్విచ్చును తెలుపుకు కట్టిన.
నొక్కిన. వెలిగింది.
ఆ వారం నలభై ల్యాంపులు.
ఫోర్‌మన్ మక్బూల్ షాబాష్ అన్నడు.

ఇక్కడ నలుపే కరెంటు.

స్విచ్ ఆపితే వెలుతురు పోతది గని
కరెంటు పోదు,
బల్బు తిరిగే గిన్నె అంచు మీద
సప్పుడు లేకుంట కూసొని ఉంటది.

ట్యాంకులల్లకు ఇరవై నాలుగు వోల్టులే పోవాలని
గోడకు మూడు భాషల కాయితం ఉంది.
ట్రాన్స్‌ఫార్మర్ బరువు. ఎవ్వడు మొయ్యడు.
ఆకుల భూమన్న బుద్ధిమంతుడు,
స్విచ్ ఆపినంకనే బల్బు మార్చబోయిండు.

బతికిండు.
రిపోర్టుల కారణం: కార్మికుని చేతి చెమట.
ఆగస్టు నెల, ఇనుప ట్యాంకు కడుపుల
చెమట లేని చెయ్యి ఎవనిది?

ఆ ల్యాంపు నా బల్ల మీదికే వచ్చింది.
ఇప్పిన.
తీగ లాగినా ఊడకుంట లోపల ఒక ముడి వేస్తం,
అందరు కుడి మీద ఎడమ,
నేను ఎడమ మీద కుడి.
ముడి నాదే.
మళ్ల మూత పెట్టి, మరలు బిగించి,
క్యాంపుకు పోయి, పప్పన్నం తిన్న.
తిన్న, నిజంగనే.

తర్వాత ఎవ్వలకు తెల్వకుంట వెతికిన.
రాత్రి డ్యూటీలు అడిగి తీసుకొని
ఒక్కొక్కటి ఇప్పి, నలుపును తెలుపును మార్చి,
బేస్ కింద గోరుతోటి గీత పెట్టిన.
ముప్పై ఎనిమిది దొరికినయి.
నలభైల భూమన్నది తీసేస్తె
ఇంకొకటి ఉంది.
యాన్బులనో, రస్తనూరలనో,
ఏ కాంట్రాక్టరు లారీలనో,
ఇయ్యాల కూడ ముద్దుగ వెలుగుతుండొచ్చు.

భూమన్నను పనికి పనికిరాడని పంపలేదు కంపెనీ,
స్టోర్ల రిజిస్టర్ రాయమన్నది.
నా పక్క కుర్చీనే.
కుడిచేత్తోటి నంబర్లు రాస్తడు,
ముడుచుకున్న ఎడమచెయ్యిని
కాయితం ఎగురకుంట పెట్టుకుంటడు.

"మంచిగ వెలిగేటియి గూడ
ఎందుకన్నా ఊకె ఇప్పుతవు?" అని అడిగిండు నిన్న.

కిటికీల ఇంకో చెయ్యి వచ్చింది.
"నంబర్ రాసుకో" అన్న,
స్క్రూడ్రైవర్ తీసుకుంట.