దండెం మీద నలుపు

పొద్దున్నే కానిస్టేబులు వచ్చి నా బండి ముందు నిలబడ్డాడు.
ఇస్త్రీకి కాదు.
"పదకొండింటికి కాన్వాయి ఈ సందు మొగలోంచే ఎల్తాది.
నల్లగుడ్డన్నది ఒక్కటి కనబడకూడదు.
దండేలు దించీమని అందరికీ చెప్పు."

పాతపోస్టాఫీసు వెనక సందు మాది.
గోడ అవతల రైలు పట్టాలు, వాటి అవతల పోర్టు,
పోర్టులో గుట్టలు గుట్టలుగా బొగ్గు.
గాలి ఇటు తిరిగిందంటే
తెల్లచొక్కా ఆరేసినవాడు సాయంత్రం బూడిదరంగు చొక్కా తీసుకుంటాడు.
పసిబిడ్డ ముక్కు తుడిస్తే కొంగుకి కాటుక.
మేం జెండాలు ఎత్తలేదు సార్,
ఉతికి ఆరేశాం, అంతే.

అయినా ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.
గొడుగులు లోపల పెట్టించాను.
ప్లీడరు గుమస్తా కోటు, దాలమ్మ లంగా,
ఆరో క్లాసు పిల్ల జడ రిబ్బన్లు.
షరీఫా బీ బురఖా దించుతూ
"గుడ్డ ఒక్కటేనా, మనిషిని కూడా దాచీమన్నారా?" అంది.
నేను నేల చూశాను.
చివరికి తీగ మీద కాకులు మిగిలాయి.
"వీటికేటి చెప్పమంటారు?" అన్నాను.
కానిస్టేబులు నవ్వలేదు. పాపం, ఆయన బూట్లూ నల్లవే.

అసలు సంగతి ఏసుపాదం చొక్కా.
జ్ఞానాపురం నుంచి స్కూలు ఆటో తోలుతాడు.
వెనక సీట్లో పన్నెండుమంది పిల్లల దగ్గు వింటూ తోలుతాడు.
పోయిన ఆదివారం సభలో లేచి ఒక్కటే అడిగాడు:
"బాబూ, ఆ బొగ్గుగుట్టల మీద గుడ్డ కప్పుతారా, నేదా?"
"ఎవడు పంపాడ్రా నిన్ను?"
ఇదీ జవాబు.
మైకు లాక్కున్న చేతికి ఒక రంగు దారం.
అంతకు ముందు బుధవారం అవతలివాళ్ల సభ.
అదే ప్రశ్న, అదే జవాబు,
దారం రంగు వేరు.
ఎడమ జేబు ఒకరు చింపారు, కుడి భుజం ఒకరు.
రెండు పార్టీలూ కలిసి చేసిన పని
ఈ మధ్య నేను చూసింది ఇదొక్కటే.

వాళ్లమ్మ కుట్టి, ఉతికి, నా దగ్గరికి తెచ్చింది.
"గట్టిగా రుద్దకు నాయినా, కుట్టు ఊడిపోద్ది."
రుద్దలేదు.
అసలు ముట్టుకోలేదు. మడతపెట్టి అడుగున పెట్టాను.
పైన రేపటి గాజువాక సభకి నలభై తెల్లచొక్కాలు,
గంజి పెట్టినవి,
లోపల మనిషి లేకపోయినా నిలబడేవి.
చొక్కాకి పన్నెండు రూపాయలు. అడ్వాన్సు తీసుకున్నాను.
దాచడం ఎందుకు,
నా పెట్టెలో రాజుకునేదీ బొగ్గే.

పదకొండన్నది రెండున్నరకి వచ్చింది.
"మీ గొంతునై వస్తున్నా" అని
అరుచుకుంటూ పోయింది మైకు.
సందులో గొంతులన్నీ అప్పటికి తలుపులు వేసుకుని ఉన్నాయి.
ఏసుపాదం తెల్లారగట్ల నుంచీ స్టేషన్లో ఉన్నాడు,
ముందుజాగ్రత్తకట.
బెంచీ చూపించారట, టీ ఇచ్చారట.
ఇంకా ఏమీ అడగలేదు కదా అంటే
అందుకే అన్నారట.

కార్లు పోయాక కానిస్టేబులు నా బండి నీడలోకి వచ్చాడు.
తెల్ల రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.
తుడిచింది విప్పి చూసుకున్నాడు.
నన్ను చూశాడు.
నలుపు లోపలికి పోయేలా
నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకున్నాడు.
"ఇంక దండేలు కట్టుకోవచ్చు" అన్నాడు, అటు తిరిగి.

షరీఫా బీ అప్పటికే కట్టేసింది.
తడి బురఖా కొసల నుంచి
బొట్టుబొట్టుగా నీళ్లు, సందు మధ్యలో.

నేను దొంతర అడుగు నుంచి ఆ ఒక్క చొక్కా లాగాను.
నలభై తెల్లచొక్కాలూ ఒకవైపు ఒరిగాయి.
పట్టుకోవాలనిపించలేదు.
పెట్టె వేడి వేలితో చూసుకుని
కుట్టు పక్క నుంచి మెల్లగా మొదలుపెట్టాను.