పదిహేడో నంబరు మేక

పనపాకం స్టేషను వెనక, రేకుల కొట్టంలో
దొరసానమ్మ బొల్లిమేకకు నాలుగో నెల.
నా పుస్తకంలో దానికి పేరు లేదు,
చెవికి పచ్చ బిళ్ళ, పదిహేడు.

కనురెప్ప దించి ఎరుపు చూస్తాను.
ఎడమ డొక్క మీద స్టెతస్కోపు పెట్టి
లోపలి ఉరుములు లెక్కేస్తాను.
తిరుపతి కాలేజీ నుంచి తెచ్చిన పొట్లాం
రోజుకొకటి, గంజిలో కలిపి.
"కంటికి కనపడని ప్రాణులుంటాయవ్వా ఇందులో,
బొల్లి కడుపులో కాపురం పెట్టి
తిన్నది ఒంటబట్టేట్టు చూస్తాయి" అన్నాను
సెమినారులోకన్నా బాగా చెప్పాననుకుంటూ,
పొగలు కక్కే గంజి మీద పొట్లాం విప్పబోతూ.

చేతి మీద ఒకటేసింది.
"బతికుండేటివి గదా పాపా!
కాగే పాలల్లో తోడేస్తారా యెవురైనా?"
చిటికెనవేలు గంజిలో ముంచి ఆగమంది.
ఐదేళ్ళ చదువు గోరువెచ్చనయ్యేదాకా
కొట్టం గుమ్మంలో గొంతుక్కూచున్నాను.

పోయినేడు ఇక్కడే
కవలల్ని మోస్తూ దీని తల్లి కూలబడిందట.
ఆకు ముట్టలేదు, మళ్ళీ లేవలేదు,
నోట్లో మాగిన అరటిపండు వాసన.
ఆ జబ్బు పేరు నాకు తెలుసు, పరీక్షలో రాశాను.
దొరసానమ్మ అప్పట్నుంచీ అరటిపండు తినలేదు.

అమాస ముందురోజు, చీకటుండగానే
బొల్లి ఈనింది. రెండు.
తడి ఆరకముందే లేచి పొదుగు వెతుక్కున్నాయి.
"అవి తాగినాక మిగిలిందేలే" అంటూ
జున్ను ముక్క నా చేతిలో పెట్టింది.

ఆ వారమే మా మేడం సీలు కవరు చించింది:
ఏ నంబరుకు మందు, ఏ నంబరుకు ఉత్త తవుడు.
పదిహేడుకు తవుడు.

చెప్పకుండా ఉండలేకపోయాను.
పళ్ళు లేని వైపుకు నవ్వింది దొరసానమ్మ.
"రెండోనాడే నాలిక మీదేసుకుంటి, తవుడే!
అందుకే దినామూ పొద్దున్నే ఒక చెంబు
పుల్ల మజ్జిగ తాపిస్తా వొచ్చినా."
"అయితే నీ మేక లెక్కలోకి రాదవ్వా."
"యెప్పుడొచ్చిందిలే" అని
గిన్నె అడుగు పెరుగు వేలితో గీకి
ఈపూట పాలల్లో కలిపింది.

పదిహేడు మీద గీత కొట్టాను.
పుస్తకం వెనకట్ట మీద, ఎవరూ తిరగేయని చోట
రాసుకున్నాను:
బొల్లి. పుల్ల మజ్జిగ. ఒక చెంబు.

ఎంత చెంబో అడగడం మరిచాను.