ఏ పచ్చ?

నాకు కొన్ని ముందే కనిపిస్తాయి.
పెద్దవేం కాదు.
భూకంపాలూ లాటరీ అంకెలూ ఎప్పుడూ రాలేదు.
ఏ బంగాళదుంప లోపల కుళ్లిందో,
లెక్కల టీచరు రేపు ఏ స్వెట్టరు వేసుకొస్తుందో, అలాంటివి.
"వాన పడుతుందని చెప్పడానికి
చిలోయే దీవిలో దివ్యదృష్టి ఎందుకే నయారెత్,
కిటికీ ఉంటే చాలదూ" అంటుంది అమ్మ.

మార్చిలో, బడి తెరిచిన రోజు,
ఎలిసెయో నా పక్క బల్ల మీద కూర్చుని
తడి జుట్టు విదిలించాడు.
నా పుస్తకం మీద మూడు చుక్కలు పడ్డాయి.
అవి ఆరేలోపే చూసేశాను:
వాడికి నలభై ఏళ్లు. కాస్త పొట్ట.
పసుపు కిటికీల ఇల్లు, ఆ ఇంటి గుమ్మంలో వాడు,
చేతిలో సగం ఒలిచిన వెల్లుల్లి,
ఎదురుగా ఎవర్నో చూసి
నవ్వుతున్నాడు.

ఆ ఎవరో కనపడలేదు.
తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అంతే.
అదే గుమ్మం, అదే వెల్లుల్లి,
ఆ నవ్వు మాత్రం నన్ను దాటి ఎటో పోతున్నట్టు.

మాట్లాడటం మానేశాను.
పడవ రేవులో నిలేశాడోసారి:
"నేనేం చేశాను?"
"ఇంకా ఏం చెయ్యలేదు."
పాపం, ఆ "ఇంకా" తలకెక్కక
టోపీ పిండుకుంటూ వెళ్లిపోయాడు.

ఒకటే ఊరట.
ఆ గుమ్మం పక్కనున్న వంగిన ఆపిల్ చెట్టు
మా అత్త గుట్ట మీదిది.
అక్కడ గొర్రెలున్నాయి, ముళ్లకంచె ఉంది,
ఇల్లు లేదు.
లేని ఇంటి గుమ్మంలో ఎవడు మాత్రం నవ్వుతాడు?

ఫిబ్రవరిలో, పెద్ద పోటు రోజున,
సముద్రం మీద ఇల్లు నడిచొచ్చింది.

ఎలిసెయో వాళ్ల అమ్మమ్మ ఎదెల్మీరా ఇల్లు.
అవతలి ఒడ్డు కోసుకుపోతోందని
ఇంటిని ఇంటిగానే తాళ్లతో కట్టి
రెండు పడవలు లాక్కొచ్చాయి.
పొయ్యి గొట్టం టోపీలా పక్కకి ఒరిగింది.
ఇవతల ఒడ్డున పది జతల ఎడ్లు, ఊరంతా,
"లాగండి! ఇంకాస్త!"
అత్త గుట్ట ఎప్పుడు అమ్మిందో నాకెవరూ చెప్పలేదు.
నేనూ తాడు పట్టాను.
అరచేతులు మండుతుంటే
నా దిగులుని నేనే గుట్ట ఎక్కించుకున్నాను.

కిటికీలు తెలుపు!
ఆపిల్ చెట్టు పక్కన ఇల్లు కుదురుకున్నాక చూసి
గట్టిగా ఊపిరి వదిలాను.

అందరూ గుంటలో ఉడికిన గుల్లలూ మాంసం వైపు పరిగెత్తాక
వాడు రెండు డబ్బాలు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు.
"కిటికీలకి రంగు వెయ్యాలట. నువ్వు చెప్పు."
"నేనెందుకు?"
"రోజూ ఈ దారినే పోతావుగా. చూసేది నువ్వేగా."

చూసేది నేనే.
చేప ముల్లులా గొంతుకి అడ్డంపడింది ఆ మాట.
ఇన్నాళ్లూ ఆ గుమ్మాన్ని
ఎక్కడ నిలబడి చూశానో, ఎవరి ఎత్తు నుంచి చూశానో
ఒక్కసారైనా కొలుచుకున్నానా?

అలాగని ఖాయమేం కాదు.
దుంపల విషయంలోనే పదింట రెండు తప్పుతాను.

"పచ్చ" అన్నాను.
"ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

వాన మొదలైంది.
ఇది మాత్రం నాకు ముందు తెలీలేదు.
మూత తీసిన డబ్బాల్లో చినుకులు పడుతున్నాయి.
బ్రష్షు పట్టుకుని వాడు నా వైపే చూస్తున్నాడు,
ఇంకా నవ్వలేదు.