కాలవ కట్టేసిన నెల

పీచు మిల్లులో పదకొండేళ్ళు.
ఒక పరుపుకి సరిపడా కొబ్బరి పీచు
ఊపిరితిత్తుల్లో పోగేసుకున్నాక
డాక్టరు కాగితం మడిచి జాకెట్లో దోపుకుని
అంబాజీపేట దాటి, లాకుల దగ్గరి యోగా బడికి పోయాను.

బడంటే ఏం లేదు.
లస్కర్లు ఖాళీ చేసిన పెంకుటి క్వార్టరు.
గోడ మీద నీటిమట్టం రాసిన పాత అంకెలు,
కింద పన్నెండు తుంగచాపలు,
మూల తుప్పుపట్టిన గేటు చక్రం,
దాని ఆకులకి ఎవరి తువ్వాలు వాళ్ళు తగిలించుకోవాలి.

పెచ్చెట్టి వరహాలు గారు
ముప్పై మూడేళ్ళు ఈ లాకులే తిప్పి దిగిపోయిన మనిషి.
నా ఛాతీలో పిల్లికూతలు
ఎగువ నుంచి నీరొస్తున్న చప్పుడు విన్నట్టు విని
"పీల్చటం తర్వాతమ్మా, ముందు వదలటం.
పల్లంలో చోటు లేకపోతే మెరక నీళ్ళు ఎటు పోతాయి?" అన్నారు.

నెల్లాళ్ళు వదలటమే.

నా పక్క చాప గుత్తుల ఏసురత్నానిది.
దింపు రోజుల్లో నలభై చెట్లెక్కి దిగే మనిషి
వృక్షాసనంలో నేల మీద నిలవలేక ఊగిపోయేవాడు.
"ఆనుకోడానికి గాలి లేదు కదండీ" అనేవాడు సిగ్గుపడి.
రొయ్యల చెరువు కాపలా బులిరాజు
శవాసనం అనగానే గుర్రుపెట్టేవాడు.
"లేపకండి. రాత్రంతా ఏరియేటర్లు తిప్పి
రెండెకరాల రొయ్యలకి ఊపిరి పోసొచ్చాడు."

గొంతు దగ్గర ఒకటి, బొడ్డు కింద ఒకటి, అడుగున ఒకటి.
జాలంధరం, ఉడ్డియానం, మూలం అని పుస్తకం మాట.
ఆయన నోట అవి ఎగువ తలుపు, నడిమి తలుపు, దిగువ తలుపు.
బంధం అంటే లాకే కదా మరి.
"బిగించటం ఎవడైనా బిగిస్తాడు" అనేవారు,
మిగతా సగం చెప్పేవారు కాదు.

ఏప్రిల్లో కాలవ కట్టేశారు.
నీరు జారిపోయాక అడుగు బయటపడింది.
తెగిన చెప్పులు, సీసాలు, ఎండిన గుర్రపుడెక్క,
నిమజ్జనమైన వినాయకుడి ఇనప చట్రం,
ఎవరిదో ఇత్తడి చెంబు.
ఓ పొద్దున్నే చాపలు చుట్టించి
మమ్మల్ని కాలవలోకి దింపారు.
పగిలిన బురద మీద పద్మాసనాలు.
గట్టు మీద సైకిళ్ళాపి పిల్లలు నవ్వారు.

"అంతా వదిలేయండి. వదిలాక తొందరపడకండి.
కాసేపు ఈ కాలవలా ఉండండి."

ఆ ఖాళీలో నాకు భయమేసింది.
ఎక్కడో కడుపులో, ఇక రాదేమో అని.

ఆయన మామీద కాదు, గేట్ల మీద చూపు పెట్టి అన్నారు:
"ఆ తుఫాను ఏడు, తలుపు ఎత్తమని కబురు రాలేదు.
రూలు రూలేనని తెల్లారేదాకా బిగబట్టి కూచున్నాను.
అవతల గట్టు..."

ఆగిపోయారు.
గండి పడ్డ గట్టు ఏసురత్నం వాళ్ళ పేటది.
అతను చాప పోగులు లెక్కపెడుతున్నాడు.
బులిరాజు కూడా నిద్రపోలేదు ఆ పూట.

చాలాసేపటికి ఏసురత్నమే అడిగాడు,
"వదిలాక ఎంతసేపు ఆగాలండీ?"
"నీకు ఎంత అయితే అంత.
ఒక్క క్షణం ఎక్కువ వద్దయ్యా. ఒక్క క్షణం."
అతను తలూపి కళ్ళు మూసుకున్నాడు.
మేమూ మూసుకున్నాం.
ఆ పైన ఏం జరిగిందో, జరగలేదో,
మూసిన కళ్ళకి తెలీదు.

జూన్లో నీళ్ళు వదిలారు.
మేం కూచున్న చోట ఆరడుగుల ఎర్రనీరు.
మండలాఫీసు వాళ్ళు టీషర్టులు పంచి
లాకుల మీద వరసగా నిలబెట్టి ఫొటో తీశారు.
అందులో ఏసురత్నం కాస్త ఊగినట్టే ఉన్నాడు,
పక్కనున్న వరహాలు గారి భుజం మీద చెయ్యేసి.

పిల్లికూతలు పూర్తిగా పోలేదు.
మిల్లు మానలేదు, మానితే గడవదు.
మిషను స్విచ్చి వేసే ముందు, ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా
ఒక్కసారి అంతా వదిలేస్తాను.
అడుగున, ఎండిన బురదలో,
ఎవరిదో ఇత్తడి చెంబు మెరుస్తుంది.