తోడల్లుడికి గడి లేదు

సెప్టెంబరు, సాయంత్రం అయిదున్నర.
ట్యూసాన్ ఎండ ఇంకా క్లబ్‌హౌస్ గాజు తలుపుని వదల్లేదు.
అరవై రెండు ఇళ్లకి పద్నాలుగు మందొచ్చారు,
అందులో ఇద్దరు కాఫీ కోసం.

కార్యదర్శి ఆర్ఫా లిండ్‌క్విస్ట్ మినిట్స్ పుస్తకం తెరిచింది.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సుల్ని వేళకు నడిపిన మనిషి.
రెండు నిమిషాలు లేటైనా
ఎర్ర సిరాతో రాసిన చెయ్యి అది.

నాలుగో అంశం: కంకర.

ఈ ఊళ్లో పచ్చికకి నీళ్లెక్కడివి?
ఎవరి ముంగిలైనా కంకరే.
ఏటా వాన దాన్ని వీధిలోకి ఈడ్చుకుపోతుంది,
ఏటా కొని పరుస్తారు.
ఈసారి నలభై ఒక్క వేల డాలర్లు.
మూడు కొటేషన్లుండాలని రూలు. ఉన్నాయి మూడూ.
రెండింటికి మాత్రం
ప్రతి పేజీ ఎడమ అంచునా ఒకే సన్నటి నల్లగీత,
ఒకే ప్రింటరు కడుపున పుట్టిన కవలల్లా.

అధ్యక్షుడు లైల్ హోక్‌స్ట్రా కళ్లజోడు పెట్టుకుని చదివాడు:
"నాకు గాని, నా భార్యాపిల్లలకు గాని,
నా తోబుట్టువులకు గాని
ఈ పనిలో ఎటువంటి లాభమూ లేదు."
కింద సంతకం.

అబద్ధమేమీ కాదు.
కంకర కంపెనీ బర్ట్ ఎస్కలాంటెది.
బర్ట్ భార్య, లైల్ భార్య అక్కచెల్లెళ్లు.
మనకైతే ఒక్క మాటతో తేలిపోను: తోడల్లుడు.
ఒకే మామగారి ముందు ఇద్దరూ చేతులు కట్టుకుని,
ఆయన అటు తిరగ్గానే
ఎవరి కారు ఎంతకొచ్చిందో కనుక్కునే చుట్టరికం.
వాళ్ల భాషలో దానికంటూ విడిగా పేరు లేదు.
పేరు లేనిదానికి ఫారంలో గడి లేదు.
థాంక్స్‌గివింగ్ నాడు మాత్రం
టర్కీ కోసేది ఒకరు, పళ్లెం పట్టేది ఒకరు.

"అయినా మర్యాద కోసం" అంటూ లైల్ లేచి
వరండాలోకి వెళ్లాడు, ఓటింగ్ అయ్యేదాకా.
పడమటి ఎండలో అతని నీడ
గాజులోంచి లోపలికొచ్చి
బల్ల మీద, కొటేషన్ల మీద, ఆర్ఫా పెన్ను మీద
తీరిగ్గా పడుకుంది.
ఒకసారి దగ్గు కూడా వినిపించింది.

వెనక వరసలోంచి టెస్‌ఫాయె చెయ్యెత్తాడు,
ముప్పై ఏడో ఇల్లు, ఆస్పత్రి మందుల షాపులో రాత్రి డ్యూటీ.
"ఆ కాగితాలు ఓసారి చూడొచ్చా?"
సభ్యుల ప్రశ్నలు చివర్లో, మనిషికి మూడు నిమిషాలు, అన్నారు.
చివర్లో అతను లేడు. డ్యూటీ వేళయింది.

కూర్చున్న నలుగురూ చేతులెత్తారు.
ఆర్ఫా ఎడమ చెయ్యి ఎత్తింది.
కుడిచెయ్యి రాసుకుంటోంది:
'అధ్యక్షులు తప్పుకున్నారు. తీర్మానం ఏకగ్రీవం.'

ఇంటికి నడిచే దారిలో టార్చి వేసింది, పాముల భయానికి.
ఉపాధ్యక్షురాలి ముంగిట కంకర:
గులాబీ రంగు, కోడిగుడ్డు పరిమాణం, అంచులు నున్నగా.
కోశాధికారి ముంగిట కూడా అదే.
మూలమలుపు ఇంటి ముందూ అదే.
మిగతా వీధంతా బూడిదరంగు, అక్కడక్కడ బోడిగా.

తిలాపాపం తలా పిడికెడు అంటారు.
పిడికెళ్లు కావివి, తోపుడుబండ్ల లెక్క.

తన గేటు దగ్గర టార్చి ఆర్పేసింది.
చూడక్కర్లేదు, కాలికి తెలుసు.
మార్చిలో బర్ట్ ట్రక్కు ఆగింది.
"ఎక్కడో మిగిలిపోయింది, పారబొయ్యడమెందుకు?"
రెండు బండ్లు. తనే పరిచి వెళ్లాడు.
నిమ్మరసం ఇచ్చింది, ఐసు వేసి.
మంచివాడనుకుంది. ఇప్పటికీ అనుకుంటోంది,
అదే చిక్కు.

వంటింటి దీపం కింద మళ్లీ పుస్తకం తెరిచింది.
ఏ అంశం కింద రాయాలో తెలియలేదు.
చివరికి మార్జిన్లో, చిన్న అక్షరాలతో:
'కార్యదర్శి ఇల్లు. రెండు బండ్లు. రసీదు లేదు.'

సొరుగంతా వెతికితే
పాత ఎర్ర పెన్ను దొరికింది, ఎండిపోయి.
నాలిక మీద తడిచేసి, రెండుసార్లు గీకి,
పక్కన వేసింది:
ఆరు నెలలు లేటు.