ఈదమ్మ రాణి కోట

సోమశిల రేవుల
పడవ దిగినోళ్ళకు మొదలు కనపడేది నా పొయ్యి.
బొచ్చె ముక్కలకు కారం పట్టించి పెడత,
జొన్నరొట్టెలు పొద్దుగాలనే కొట్టుకొస్త.

శనివారం వస్తే పట్నం కార్లు.
కొండల నడుమ నీళ్ళు జూసి
కొంచెంసేపు మాట రాదు వాళ్ళకు.
ఆ తర్వాత ఎవరో ఒకరు అంటరు,
"అచ్చం కథల్లెక్క ఉంది కదా!"

కథల్లెక్కనే ఉంటది మరి.
కథల ఊరికి పన్ను గట్టేటోడు లేడు,
కరెంటు బిల్లు రాదు.
మా ఊరికి గూడ రాదు,
నలభై ఏండ్లు దాటె.

శివరాత్రి పోయి ఎండలు ముదిరితే
కృష్ణ సన్నగైతది.
ముందుగాల చావడి అరుగు లేస్తది,
ఎనుక పెద్దిండ్ల పునాదులు,
ఆఖరుకు మా వాకిలి.
బురద ఎండి పెంకాసులోలె పగుల్తది.
ఒక్కో యేడు తేలనే తేలదు.
ఎదురుచూసుడు ఎప్పుడో మానేసిన.

పోయిన యేడు గాదు, అంతకు ముందు ఎండకాలం,
కుర్మయ్య పడవల పన్నెండు మంది.
"ఆడ్నే వండి పెట్టాలంట, రా వదినా" అన్నడు.
పొయ్యిరాళ్ళు ఏడ దొర్కుతయో
నాకంటె ఎవరికెర్క?
పోయిన.

దిగుడు దిగుడే ఫోటోలు.
ఒక పిల్ల, ఏడెనిమిదేండ్లుంటయేమో,
ఎర్ర టోపి, ఒక కాలి చెప్పు బురద మింగింది,
ఉరికిపోయి మా కడప రాయి మీద కూసున్నది.
కొత్త కోడలినై నేను బియ్యం తన్నిన కడప.
"అవ్వా, ఇక్కడ రాజు ఉండేవాడా?"

ఏం జెప్పాలె.
లారీలొచ్చిన దినం జెప్పాల్నా?
తలుపులు ఊడబీకి బండికెత్తిన సంగతా?
చెక్కు మీద మామ పేరు తప్పు పడితే
కొల్లాపురం ఆఫీసు చుట్టు
మూడేండ్లు తిరిగిన సంగతా?
పిల్ల చెప్పులేని కాలు ఊపుకుంట చూస్తున్నది.

"రాజు గాదు బిడ్డా, రాణి.
ఈదమ్మ రాణి."
మా అత్త పేరే నోట్లెకొచ్చింది.
"ఆమెకు మూడు రోళ్ళుండె.
ఒక దాంట్ల కారం, ఒక దాంట్ల పసుపు,
మూడో దాంట్ల ఏం దంచేదో
ఎవరికీ చెప్పకపోయేది."
అబద్ధం గాదు.
మూడో రోట్ల మందాకు దంచేది.
పక్కూరి ఆడోళ్ళు చీకటి పడ్డంక వచ్చి
కొంగుల కట్టుకొని పోదురు.

"మరి నీళ్ళెలా వచ్చాయి?"
"రాణికి కోపమొచ్చింది."
"ఎవరి మీద?"
కూర మాడుతున్నదని లేచిన.

కోపం రాలే ఆమెకు.
బండి మీద ఎనక్కి మొకం పెట్టి కూసొని
గట్టు మలిగేదాంక
ఒక్క మాట మాట్లాడలే.
కొత్త కాలనీల పన్నెండు దినాలు
బయటికి రాలే,
తలుపు తెరిస్తే ఎవరి ఇల్లు కనపడ్తదో అని.

గిప్పుడు, మొన్న,
రేవుల చేప ముక్కలు తిరగేస్తుంటే
కొత్త పడవ పిలగాడు, మీసం గూడ సరిగ్గ రాలే,
జనాన్ని పిలుస్తున్నడు:
"ఈదమ్మ రాణి కోట! మనిషికి నూటయాభై!
ఏడు రోళ్ళ రాణి!
పున్నమి నాడు నీళ్ళ కింద
దంచే చప్పుడు ఇనొస్తది!"

ఏడంట.
నేను మూడే చెప్పిన.
మిగిలిన నాలుగు ఎవరింటివో.
మూలింటి చెన్నమ్మదొకటి కావొచ్చు,
దాని అంచు పగిలి ఉండె.
మునిగిన రోళ్ళకు ఏం తక్కువ?

నీళ్ళింక దిగలే ఈ యేడు.
కోట లోపల్నే ఉంది,
పైనుంచి చూపిస్తడంట.

"ఏం పెద్దమ్మా, నువ్వు చూశావా ఆ కోట?"
రొట్టె తుంచుకుంట ఒకామె అడిగింది.
"లేదమ్మా" అన్న.
పొయ్యిల కట్టెలు ఎనక్కి గుంజి
నీళ్ళు చల్లిన.
నడుముల చెక్కిన పైసలు తీసి
పిలగానికిచ్చిన.
"ఊరుకో అవ్వా, నీకెందుకు టికెటు" అంటడు.
"తీస్కోరా" అన్న.

ముందట బల్ల మీద కూసున్న.
ఇంజను చప్పుడు మధ్యల
వాడు కథ మొదలుపెట్టిండు.
అందరు ఫోన్లల్ల ఉన్నరు.
కథ జెప్పేటోనికి
ఊఁ కొట్టేటోళ్ళు ఒకరన్న ఉండాలె గద.
నేనే కొట్టిన.