వేలి వెడల్పు

గుహలోంచి మట్టి సంచుల్లో వస్తుంది.
ఒక్కో సంచికి ఒక నంబరు, ఒక లోతు.
కోతయిపోయిన మడిలో, పిక్కల్లోతు నీళ్ళలో నిలబడి
నేనూ వెరొనికా జెనోతూ ఇంకో నలుగురు ఆడవాళ్ళం
జల్లెళ్ళు ఊపుతుంటాం.
మట్టి పోతుంది. ఎముక పోదు.
కూలి సాయంత్రం ఇస్తారు.

ఎక్కువగా దొరికేది ఎలుక.
ఎలుకంటే గాదె కింద దూరేది కాదు,
మా బేతు. పిల్లి చూస్తే పక్కకు తప్పుకుంటుంది.
మొన్న ఆదివారం పూజ అయ్యాక
కనిసియుస్ ఒకదాన్ని పట్టుకొస్తే మిరపకాయలు నూరి కాల్చుకు తిన్నాం.
ఆ దవడ ఇంకా పొయ్యి దగ్గరే పడి ఉంది.
ఇవాళ జల్లెట్లో తేలింది దాని ముత్తాత ముత్తాతల దవడ.
ఏం మారలేదు, రంగు తప్ప.

జావా నుంచి వచ్చిన కుర్రాడు హెర్లంబాంగ్
పెన్సిలు చెవిలో పెట్టుకుని చెప్పాడు:
ఈ దీవికి పులి ఈదుకుని రాలేదు, నక్కా రాలేదు.
దాక్కునే పని తప్పాక
ఇరుకు కన్నంలో ఒదిగి బతకడం ఎందుకు?
చెట్లు లేని చోట ఆముదమే మహావృక్షం,
పులి లేని చోట ఎలుకే పులి.

ఏనుగు మాత్రం ఈదింది.
నిజంగా ఏనుగు కాదట,
ఏనుగుకి పెదనాన్న కొడుకు వరస.
తొండం ఎత్తి, కడుపులో సముద్రమంత ఆకలితో
ఒడ్డెక్కింది.
దీవి దాన్ని ఎగాదిగా చూసి
ఎంత తింటావు అని ఒక్కటే అడిగింది.

ఏ ఏనుగూ తగ్గలేదు. ఇది నాకు అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది.
పుట్టినంత పుట్టింది, పెరిగినంత పెరిగింది.
వాన తప్పిన ఏడాది
పెద్ద కడుపుది ఎండుగడ్డి దగ్గర పడిపోయింది.
చిన్న కడుపుది లేచి, తొందరగా ఎదిగి, తొందరగా ఈనింది.
మళ్ళీ వాన తప్పింది.
అట్లా కొన్ని వేల వానలు.
చివరికి మా గేదె పక్కన కడితే
భుజానికి భుజం.

మధ్యాహ్నం గట్టు మీద అన్నం పొట్లం విప్పి
కొండ మీంచి మా పొలాన్ని చూశాను.
సాలెగూడులా ఉంటుంది, నడుమ ఒక గుంజ.
గుంజ దగ్గర వేళ్ళు ఆనించి పెద్దమనిషి వాటాలు కొలుస్తాడు.
అక్కడ వేలి వెడల్పు, అంచుకొచ్చేసరికి ఒక మడి.
తాత లోదోవిక్‌కి నాలుగు వేళ్ళు.
నాన్నకి రెండు.
కనిసియుస్‌కి ఒకటి, అదీ చిటికెన వేలు.
వాడికి ముగ్గురు కొడుకులు.
రేపు పంపకం. గోరు కొలతలు తీస్తారేమో.
వాళ్ళు మాత్రం తాత కన్నా జానెడు పొడుగు,
అంగట్లో బియ్యం కొనుక్కు తింటారు.

నాకు వేలు లేదు.
ఆడపిల్ల పుట్టగానే మా వాళ్ళు
"బయటి మనిషి" అని బొడ్డు కోస్తారు.
అందుకే అన్న మడిలో, అన్న నీళ్ళలో
వేరే వాళ్ళ మట్టి కడుగుతున్నాను.

పొద్దు వాలే వేళకి ఒక పన్ను దొరికింది.
గట్లు గట్లుగా, మా కొండపాయ మెట్ల పొలాల్లా,
నా అరచేతిలో పట్టేసింది.
దూడదా అన్నాను.
కాదు, అరిగిపోయింది చూడు, ముసలిదే అన్నాడు హెర్లంబాంగ్.
అంత చిన్న నోటితో
ముసలితనం దాకా నమిలిందన్నమాట.

వాడు నంబరు రాస్తుంటే
నా లుంగీ కొంగు ముడి ఊడి ఇంకో పన్ను రాలింది.
పొద్దున మా ఎల్మినాకి ఊడింది, ఇంటి కప్పు మీద విసరడం మరిచాను.
వాడు దాన్నీ తీసి వెలుతురుకి పెట్టి
ఇది ఏ లోతుది అని అడిగాడు.

వెరొనికా నీళ్ళలో కూలబడి నవ్వుతూనే ఉంది.
నేను చెయ్యి చాపాను.
ఇటివ్వు. అది మా ఇంటిది.